కోసి చూసిన ఆయిల్ ఫిల్టర్

బెంగళూరులో కారును సర్వీసుకు ఇచ్చేవాళ్లు బిల్లులో ఆయిల్ ధర చూస్తారు, ఫిల్టర్ ధర చూస్తారు, కూలీ దగ్గర కాస్త బేరమాడతారు. విప్పి తీసిన పాత ఫిల్టర్ ఏమైందని అడిగేవాళ్లు మాత్రం అరుదు. అది నల్లటి ఆయిల్ కారుతూ గ్యారేజీ మూలనున్న డ్రమ్ములో పడిపోతుంది. కిందటి సర్వీసు నుంచి ఈ సర్వీసు దాకా ఇంజిన్ లోపల ఏ లోహం అరిగిందో, ఏ తీరుగా అరిగిందో చెప్పగల ఆనవాళ్లు ఆ డబ్బాలోనే ఉంటాయి. నేను ఇక్కడి పారిశ్రామిక ప్రాంతమైన పీణ్యలోని ఒక మెషిన్ షాపులో నాణ్యత విభాగంలో పనిచేస్తున్నాను కనుక, లోహపు రజనును భూతద్దం కింద పెట్టి అది ఏ పనిముట్టు నుంచి రాలిందో తేల్చడం నాకు రోజువారీ పనే. ఆ అలవాటే నన్ను కారు ఫిల్టర్ల దాకా తీసుకొచ్చింది.

ఫిల్టర్‌ను కోయబోయే ముందు ఇంజిన్‌లో ఆయిల్ తిరిగే దారి మనసులో ఉండాలి. అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం, అంటే సంప్‌లోని ఆయిల్‌ను పంపు ఒక జాలి గుండా పైకి పీలుస్తుంది. స్ట్రెయినర్ అనే ఆ జాలి ముతక రకం, పెద్ద ముక్కలను మాత్రమే ఆపుతుంది. పంపు దాటిన ఆయిల్ ఫిల్టర్‌లోకి, అక్కడినుంచి ప్రధాన నాళంలోకి, తరువాత పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంక్ షాఫ్ట్ బేరింగులకు, చిట్టచివరగా ఇంజిన్ పైభాగమైన హెడ్‌లో ఉండి వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్‌కు చేరి, గోడల వెంట కారుతూ తిరిగి సంప్‌లోకి వస్తుంది. కాబట్టి ఫిల్టర్‌లో దొరికే రేణువు ఇంజిన్‌లో ఎక్కడ రాలినా సరే, సంప్‌లో పడి, జాలి దాటి, పంపు గుండా వచ్చి ఉండాలి. జాలి కన్నాల్లో పట్టనంత పెద్ద ముక్క ఫిల్టర్‌లో దొరికితే, అది జాలికీ ఫిల్టర్‌కూ మధ్యనున్న పంపులోనే పుట్టిందన్నమాట. ఈ ఒక్క తర్కం తెలియక పంపు గేరు పళ్లు విరిగిన బండిలో బేరింగుల కోసం వెతికిన సందర్భాలు నేను చూశాను. ఇదే దారి మరో సంగతి కూడా చెబుతుంది: ఆయిల్ సరఫరా తగ్గినప్పుడు పంపుకు దూరంగా, దారి చివర ఉన్న క్యామ్ షాఫ్ట్‌కు ముందుగా కరువు వస్తుంది.

కోసే పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తప్పు నిర్ధారణల్లో చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. ఫిల్టర్ బిగుసుకుపోయినప్పుడు దాని పొట్టలో స్క్రూడ్రైవర్ దిగగొట్టి తిప్పే అలవాటు కొందరు మెకానిక్కులకు ఉంది. అలా చేస్తే డబ్బా రేకు చిట్లి ఉక్కు ముక్కలు లోపల పడతాయి, కాగితం చినుగుతుంది. ఇక ఆ ఫిల్టర్ పరీక్షకు పనికిరాదు. ఇనుప రంపంతో కోసినా అదే కథ, రంపపు పొట్టంతా కాగితం మడతల్లో చేరి, ఇంజిన్ అరుగుదలలాగే అయస్కాంతానికి అంటుకుంటుంది. పైపులు కోసే కట్టర్ తరహాలో చిన్న చక్రంతో రేకును నొక్కుతూ చుట్టూ తిరిగే ఫిల్టర్ కట్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, వాటితో పొట్టు రాలదు. ముందుగా ఫిల్టర్‌ను ఒక రాత్రి బోర్లించి ఆయిల్ కారనివ్వాలి. అడుగు పళ్లేనికి కొద్దిగా ఇవతల చుట్టూ కోసి డబ్బా ఊడదీస్తే, కన్నాల గొట్టం చుట్టూ మడతలు మడతలుగా ఉన్న కాగితం బయటపడుతుంది. ఆ కాగితాన్ని పైనా కిందా పదునైన బ్లేడుతో కోసి, గొట్టం నుంచి విడదీసి, రెండు శుభ్రమైన తెల్ల గుడ్డల మధ్య పెట్టి బెంచ్ వైస్‌లో మెల్లగా నొక్కితే మిగిలిన ఆయిల్ గుడ్డలోకి పోతుంది. అప్పుడు దాన్ని ఎండలోకి తీసుకెళ్లి మడతలు విప్పి చూడాలి. నిలువునా పడే వెలుగులో ఏమీ కనిపించని కాగితం కూడా, టార్చి పక్కవాటుగా పట్టినప్పుడు తళుక్కుమంటుంది. ప్లాస్టిక్ గూటిలో కాగితం మాత్రమే మార్చే కార్ట్రిడ్జ్ రకం ఫిల్టర్లున్న కార్లకు ఈ కోత బాధ లేదు, కాగితాన్ని నేరుగా విప్పి చూసుకోవచ్చు.

మా బావమరిది కారు కథను కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే పరీక్షలన్నీ ఒకదాని వెంట ఒకటి అవసరమైనది దానిలోనే. అతడు పాత పెట్రోలు కారొకటి కొన్నాడు. కొన్న కొత్తలోనే సంప్ రోడ్డుమీది రాయికి తగిలి కారుతుంటే ఒక గ్యారేజీలో దాన్ని విప్పి మళ్లీ అతికించారు. ఆ తరువాత పొద్దున స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో టప్పెట్ల (క్యామ్ కదలికను వాల్వులకు అందించే భాగాల) చప్పుడు వినిపించసాగింది, వేడెక్కితే పోయేది. తిరుపతి నుంచి తిరిగి వస్తూ మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు అదే చప్పుడు వేడి ఇంజిన్‌లోనూ వచ్చింది. ఆ గ్యారేజీవాళ్లు ఆయిల్ మార్చబోయి, ట్రేలో తళుకులు చూసి, "బేరింగులు పోయాయి, ఇంజిన్ దించాల్సిందే" అన్నారు. అతడు కంగారుపడి నాకు ఫోన్ చేసి, "బావా, బండి అమ్మేయమంటావా?" అని అడిగాడు. ముందు ఫిల్టర్‌ను పారేయకుండా ఒక కవర్లో వేసి తీసుకురమ్మన్నాను.

కాగితం విప్పగానే మెరిసే రేణువులు బాగానే కనిపించాయి. మొదటి పరీక్ష అయస్కాంతం. బలమైన చిన్న నియోడిమియం అయస్కాంతాన్ని పల్చటి పాలిథిన్ సంచిలో పెట్టి కాగితం మీదుగా జరపాలి, సంచి లేకపోతే అంటుకున్న రజనును మళ్లీ విడదీయడం కష్టం. అంటుకునేవి ఇనుమూ ఉక్కూ: సిలిండర్ గోడలు, పిస్టన్ రింగులు, క్రాంక్, క్యామ్, టైమింగ్ చైన్, పంపు గేర్ల నుంచి వచ్చేవి. ఈ కారులో సంచికి పల్చటి బూడిదరంగు పొడి మాత్రమే అంటుకుంది. వేళ్ల మధ్య రాస్తే గరుకు తెలియనంత మెత్తటి పొడి అది. రింగులూ బోరూ (సిలిండర్ లోపలి గోడ) ఒరుసుకుంటున్నంత కాలం అలాంటిది వస్తూనే ఉంటుంది, దానికి భయపడనక్కరలేదు. మెరిసిన రేణువులు మాత్రం అయస్కాంతాన్ని అసలు లెక్కచేయలేదు.

కాబట్టి అవి అల్యూమినియమో, బేరింగు పైపూతలోని తగరం, సీసమో అయి ఉండాలి. రెండూ వెండిరంగులోనే కనిపిస్తాయి, కంటితో తేల్చడం నాకు కూడా చేతకాదు. కాగితాన్ని తెల్లటి పింగాణీ గిన్నెలో టర్పెంటైన్‌తో జాడించాను (కిరసనాయిలు ఇప్పుడు ఊళ్లో సులభంగా దొరకదు, పెట్రోలుతో ఈ పని ఇంట్లో చేయకూడదు), దాన్ని కాఫీ ఫిల్టర్ కాగితంలో వడగట్టి, ఆరిన రేణువులను భూతద్దం కింద పట్టకారుతో ఏరాను. ఎస్పీ రోడ్డులో కొన్న సోల్డరింగ్ ఐరన్‌ను బాగా వేడిచేసి దాని మొన మీద ఒక రేకును పెట్టాను. తగరం 232 డిగ్రీల దగ్గర, సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతాయి, అల్యూమినియానికి 660 డిగ్రీలు కావాలి. ఆ రేకు కరగలేదు, ముడుచుకోనూ లేదు. మరికొన్నింటిని గాజు సీసాలో పోసిన కాస్టిక్ సోడా ద్రావణంలో వేస్తే వెంటనే బుడగలు లేచి క్రమంగా కరిగిపోయాయి, అది అల్యూమినియం లక్షణం. ఆ బుడగలు హైడ్రోజన్ వాయువు కనుక దగ్గరలో మంట ఉండకూడదు. చేతులకు తొడుగులూ కళ్లకు అద్దాలూ లేకుండా ఈ పరీక్షకు దిగవద్దని గట్టిగా చెబుతున్నాను.

అల్యూమినియమని తేలింది కానీ చిక్కు అక్కడితో తీరలేదు. పిస్టన్లు అల్యూమినియం, సిలిండర్ హెడ్ అల్యూమినియం, నేటి కార్లలో చాలా బేరింగు షెల్లులకు (షాఫ్ట్ చుట్టూ అమర్చే వంపు రేకులకు) ఉక్కు వెన్ను మీద ఉండేది కూడా అల్యూమినియం, తగరం కలిసిన మిశ్రమమే. గ్యారేజీవాళ్లు చెప్పినట్టు బేరింగులే పోయి ఉండవచ్చు. అయితే మడతల్లో లోహం కాని వస్తువొకటి కూడా కనిపించింది. బూడిదరంగులో, రబ్బరులా సాగే, గోరంత పొడవున్న సన్నటి పోగులు. సంప్‌ను అతికించేటప్పుడు పూసే సిలికాన్ సీలెంట్ అది. రెండు ముఖాల మధ్య ఎక్కువగా పూసినప్పుడు బిగించగానే కొంత బయటికి, కొంత లోపలికి పొంగుతుంది. బయటికి పొంగినది కంటికి కనిపిస్తుంది కనుక తుడుస్తారు, లోపలికి పొంగినది ఎండి, ఊడి, ఆయిల్‌లో తేలుతుంది. సన్నటి పోగులే జాలి దాటి ఫిల్టర్‌కు చేరాయంటే, జాలి దాటలేని పెద్ద ముక్కలు ఎక్కడ ఆగి ఉంటాయన్నది ఊహించడం కష్టం కాదు.

రామమూర్తినగర్‌లో మదనపల్లె నుంచి వచ్చి స్థిరపడిన మెకానిక్ ఒకాయన ఉన్నారు. ఆయన దగ్గరికి కారును తీసుకెళ్లి, ఆయిల్ ప్రెషర్ స్విచ్ స్థానంలో మెకానికల్ గేజ్ పెట్టించాము. డ్యాష్‌బోర్డులోని ఎర్ర దీపాన్ని నమ్ముకుని లాభం లేదు, చాలా కార్లలో ఆ స్విచ్ ప్రెషర్ అర బార్‌కు (వాతావరణ పీడనంలో దాదాపు సగానికి) కాస్త అటూ ఇటూగా పడిపోయాక గానీ దీపాన్ని వెలిగించదు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో (ఆక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నప్పుడు) ప్రెషర్ ఉండవలసినంత ఉంది. బేరింగులు అరిగి ఖాళీ పెరిగి ఉంటే ముందుగా పడిపోవలసింది ఈ వేడి ఐడిల్ ప్రెషరే. ఆక్సిలరేటర్ తొక్కితే ప్రెషర్ పెరగాలి, 2,000 ఆర్‌పీఎం దాకా పెరిగింది, 3,000 దాటేసరికి ముల్లు వణికి వెనక్కి జారింది. ఆయన ముల్లునే చూస్తూ, "పంపుకు ఊపిరాడటం లేదు సార్, జాలి మూసుకుంది, ఇంజిన్ దించొద్దు, చాంబర్ ఒక్కటి దించుదాం" అన్నారు. చాంబర్ అంటే మెకానిక్కుల మాటలో సంప్.

సంప్ దించితే జాలి ముఖంలో సగానికి పైగా సీలెంట్ ముక్కలు పరుచుకుని ఉన్నాయి. ఎలాగూ సంప్ దిగింది కనుక ఒక కనెక్టింగ్ రాడ్ క్యాప్ విప్పి షెల్లును చూశాము, గీతలు లేకుండా సమంగా బూడిదరంగులో ఉంది. పైన వాల్వ్ కవర్ తీస్తే దోషి దొరికింది. ఆ ఇంజిన్‌లో క్యామ్ షాఫ్ట్‌కు వేరే షెల్లులు లేవు, అది హెడ్ అల్యూమినియం మీదే నేరుగా తిరుగుతుంది. పంపుకు బాగా దూరంగా ఉన్న రెండు జర్నల్స్ (షాఫ్ట్ బేరింగులో కూర్చుని తిరిగే చోట్లు) మీద చుట్టూ సన్నటి గీతలు పడి ఉన్నాయి. ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పును బట్టి ఖాళీ చెప్పే మెత్తటి ప్లాస్టిక్ పోగు) పెట్టి ఖాళీ కొలిస్తే కంపెనీ మాన్యువల్ ఇచ్చిన పరిమితిలోనే ఉంది. గీతల అంచులు నునుపు చేసి, జాలి కడిగి, ఆయిల్ దారులను శుభ్రం చేసి, సన్నటి పూతతో సంప్‌ను తిరిగి బిగించారు. పాత రజను కొంత లోపలే తిరుగుతూ ఉంటుంది కనుక 500 కిలోమీటర్లకే ఒకసారి ఆయిలూ ఫిల్టరూ మార్పించాము. ఆ ఫిల్టర్‌లో తళుకులు కొన్ని ఉన్నాయి, దాని తరువాతి దానిలో వెతికితే గానీ దొరకలేదు. బేరింగులు పోయాయన్న తీర్పుకు తలొగ్గి ఇంజిన్ దించి ఉంటే బేరింగులు మారేవి, జాలి సంగతి ఎవరికైనా తట్టేదో లేదో చెప్పలేను.

ఈ కారులో రాగి రంగు కనిపించలేదు, అదృష్టవశాత్తు. డీజిల్ ఇంజిన్లలోనూ పాత తరహా ఇంజిన్లలోనూ బేరింగు షెల్లులు మూడు పొరలతో ఉంటాయి. వెనుక ఉక్కు, మధ్యలో రాగి మిశ్రమం, పైన మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో) కొలిచేంత పల్చటి మెత్తటి పూత. పైపూత అరిగినంత కాలం ఫిల్టర్‌లో మెత్తటి బూడిదరంగు పలుకులు కనిపిస్తాయి, సోల్డరింగ్ ఐరన్ వాటిని కరిగిస్తుంది. బంగారు ఎరుపు రంగులో రేకులు మొదలయ్యాయంటే పైపూత ఆ మేరకు పోయి మధ్యపొర బయటపడిందని అర్థం, అప్పుడు బండిని నడపకుండా ఆపడమే నయం. అయితే రాగి రంగు కనిపించిన ప్రతిసారీ అది బేరింగే కావాలని లేదు. పిస్టన్ పిన్ను తిరిగే చిన్న బుష్షూ, కొన్ని టర్బోల బుష్షులూ కంచువే. ఏ బుష్షు అయినా మంచి వార్త కాదు గానీ, టర్బో ఇరుసు ఆటను చేత్తో ఊపి చూసుకోవచ్చు కనుక ముందు దాన్ని చూడటంలో తెలివి ఉంది.

లోహం ఏదో తెలిసినంత మాత్రాన సరిపోదు, రేణువు ఆకారం దాని పుట్టుకను చెబుతుంది. రెండు నున్నటి తలాలు ఆయిల్ మధ్య మామూలుగా ఒరుసుకుంటే పుట్టేవి కంటికి ఆనని చిన్న పొలుసులు. లేత్ మీద వచ్చే చుట్టల్లా వంకర తిరిగిన సన్నటి తీగలు కనిపిస్తే, ఇసుకరేణువో గట్టి లోహపు మొనో మెత్తటి తలాన్ని చెక్కుతోందని అర్థం. ఒక వైపు నునుపుగానూ రెండో వైపు గరుకుగానూ ఉండి అయస్కాంతానికి అంటుకునే బల్లపరుపు రేకులైతే, క్యామ్ మీదో రోలర్ మీదో గట్టిపరచిన పొర అలసి పెచ్చులూడుతోంది. అది ఒకసారి మొదలైతే ఆగదు. గోధుమరంగు ప్లాస్టిక్ ముక్కలు, ముఖ్యంగా ఉక్కు సూదులతో కలిసి వస్తే, టైమింగ్ చైన్ గైడు పట్టాను అనుమానించాలి. నల్లగా పెళుసుగా ఉండి వేళ్ల మధ్య నలిగిపోయేవి కేవలం ఆయిల్ మాడిన బొగ్గు, వాటిని లోహమనుకుని బెంగపడేవాళ్లు చాలామంది.

ఎంత ఉంటే ఎక్కువ? ఈ ప్రశ్నకు కార్ల కంపెనీల పుస్తకాల్లో నాకు సూటి జవాబు దొరకలేదు, చిన్న విమానాల ప్రపంచంలో మాత్రం ఈ పని పద్ధతిగా సాగుతుంది. సెస్నా 172 వంటి శిక్షణ విమానాల్లో వాడే లైకమింగ్ పిస్టన్ ఇంజిన్లకు ఫిల్టర్‌ను 50 గంటలకు ఒకసారి మార్చి, తీసినదాన్ని కోసి చూడాలన్నది తయారీదారు నియమం. దొరికిన లోహపు పరిమాణాన్ని బట్టి ఏం చేయాలో కూడా వాళ్లే చెబుతారు. మన కార్లను గంటల్లో లెక్కవేస్తే, సిల్క్ బోర్డు, మారతహళ్లి, హెబ్బాళ రద్దీలో సగటు వేగం గంటకు 20 కిలోమీటర్లు అనుకున్నా 10,000 కిలోమీటర్ల సర్వీసు అంటే 500 గంటలు. హైవే మీద గంటకు 60 చొప్పున నడిచే బండికి అదే దూరం 170 గంటల లోపే. ఓడోమీటరు రెండు బండ్లకూ ఒకే అంకె చూపిస్తుంది గానీ, ఆ రెండు ఫిల్టర్లలో దొరికేది ఒకటి కాదు. అందువల్ల పక్కింటివాళ్ల ఫిల్టర్‌తో పోలిక పెట్టడంలో అర్థం లేదు, అదే బండి పాత ఫిల్టర్‌తోనే పోల్చాలి. ప్రతి ఫిల్టర్ నుంచి నాలుగు మడతల ముక్కను జిప్ కవర్‌లో పెట్టి, తేదీ, కిలోమీటర్లు, వాడిన ఆయిల్ గ్రేడు రాసి దాచడం నా పద్ధతి. కొత్త కారు తొలి ఫిల్టర్‌లో తళుకులు ఎక్కువే ఉంటాయి. అవి తయారీలో మిగిలిన రజనూ, భాగాలు ఒకదానితో ఒకటి సర్దుకుంటూ రాల్చినదీ. రెండో ఫిల్టర్‌లో తగ్గకపోతే అప్పుడు ఆలోచించాలి.

కొందరు మిత్రులు, ఇంత శ్రమ ఎందుకు, ఆయిల్ శాంపిల్‌ను ప్రయోగశాలకు పంపితే ఏ లోహం ఎన్ని పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) ఉందో రాసి ఇస్తారు కదా అంటారు. ఇస్తారు, నేనూ పంపుతాను. కానీ మామూలు స్పెక్ట్రోమీటరు పరీక్షకు సుమారు 5 నుంచి 10 మైక్రాన్ల లోపు రేణువులే సరిగా కనిపిస్తాయి. ఫిల్టర్ కాగితం ప్రధానంగా పట్టుకునేది 20 మైక్రాన్ల పైనున్నవాటిని. పెచ్చులూడే క్యామ్ పెద్ద రేకులను రాలుస్తుంటే రిపోర్టు శుభ్రంగా రావచ్చు, మెల్లగా అరిగే సిలిండర్ మెత్తటి పొడిని రాలుస్తుంటే ఫిల్టర్ శుభ్రంగా కనిపించవచ్చు. ఇంకొక చిక్కు ఉంది. కొత్త ఇంజిన్లలో ఆయిల్ కూలర్ నుంచి రాగి రసాయనికంగా కరిగి వచ్చి రిపోర్టులో పెద్ద అంకెగా కనిపించడం సాధారణం, అప్పుడు ఫిల్టర్‌లో రాగి రేకులు లేవన్న సంగతే ధైర్యాన్నిస్తుంది.

రిపోర్టులో నేను ముందుగా చూసేది ఇసుకలోనూ దుమ్ములోనూ ఉండే సిలికాన్ వరుస. ఇంజిన్ ఈమధ్య విప్పి సీలెంట్ పూసినది కాకపోతే, సిలికాన్ పెరగడం దాదాపు ఎప్పుడూ రోడ్డు దుమ్మే, దానితోపాటు ఇనుమూ పెరిగితే ఆ దుమ్ము రింగుల మధ్య చేరి బోరును గీస్తోందన్నమాట. మెట్రో పనులూ కట్టడాలూ నడుస్తున్న వీధుల్లో రోజూ తిరిగే బండ్లకు ఇది మామూలు జబ్బు. అలాంటి రిపోర్టు వచ్చినప్పుడు చూడవలసినది ఎయిర్ ఫిల్టర్ పెట్టె: మూత క్లిప్పులు నాలుగూ పడ్డాయా, ఫిల్టర్ రబ్బరు అంచు గాడిలో కూర్చుందా, త్రాటిల్ వైపు గొట్టంలో వేలితో తుడిస్తే దుమ్ము అంటుతోందా అన్నవి పానా ముట్టకుండానే తెలుస్తాయి.